ప్రకాశం పంతులు గారి జమాఖర్చులు

(టంగుటూరి ప్రకాశం పంతులు గారి జయంతి సందర్భంగా ఆగస్టు 23న మన సంఘం సమావేశంలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల క్రితం మన కార్యదర్శి గారు ఫోను చేసి, "ఈసారి ప్రకాశం గారి మీద మీరే మాట్లాడాలి" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను, ట్రెజరీ వాణ్ణి, బిల్లు పాసు చేయడమో అబ్జెక్షన్ వ్రాసి వెనక్కు పంపడమో తప్ప నాకు మరొకటి చేతకాదు అన్నాను. "అయితే ట్రెజరీ వాడిలాగే మాట్లాడండి" అన్నారాయన. ఆ మాట పట్టుకుని వచ్చాను. కనుక ఈ పూట నేను చెప్పేది స్తోత్రం కాదు. ప్రకాశం గారి జమాఖర్చుల పుస్తకం తెరిచి, నాకు కనబడిన పద్దులు మీ ముందు చదువుతాను. తప్పులుంటే సరిదిద్దడానికి నాకంటె పెద్దలు ముందు వరుసలోనే ఉన్నారు.

ప్రకాశం గారంటే మనలో ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేది ఒకే దృశ్యం. 1928 ఫిబ్రవరి 3. సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజు. దేశమంతా హర్తాళ్. చెన్నపట్నంలో హైకోర్టు దగ్గర, ప్యారిస్ కార్నర్లో పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన మనిషిని చూడటానికి ప్రకాశం గారు ముందుకు వెళ్ళబోతే తుపాకి అడ్డం పెట్టారు. ఆయన గుండె చూపించి, కాల్చుకోమన్నారు. అప్పటికి ఆయనకు యాభై ఐదేళ్ళు. మన లెక్కలో రిటైర్మెంటు కాగితాలు సర్దుకునే వయసు. 1983లో వచ్చిన 'ఆంధ్రకేసరి' సినిమాలో విజయచందర్ గారు ఆ ఘట్టం నటించినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టాం. ఇవ్వాళ కూడా ఏ స్కూలులో ప్రకాశం గారి వేషం వేయించినా పిల్లవాడు చేసేది ఆ ఒక్క పనే.

ఆ దృశ్యం నిజమే, గొప్పదే. కాని గుండె చూపించడం ఒక్క నిమిషం పని. ఆ మనిషి ఎనభై నాలుగేళ్ళు బ్రతికారు. మిగిలిన కాలమంతా ఏం చేశారు, దేనికి ఎంత ఖర్చు పెట్టారు, ఎక్కడ లెక్క తప్పారు అన్నది మనం పెద్దగా అడగలేదు. నేను అడగదలుచుకున్నది అదే.

ప్రారంభపు నిల్వ సున్న. 1872 ఆగస్టు 23న ఒంగోలు తాలూకా వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్ళ వయసులో తండ్రి గోపాలకృష్ణయ్య గారు పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. పరీక్షకు మూడు రూపాయల ఫీజు కట్టవలసి వస్తే ఆవిడ పట్టుచీర తాకట్టు పెట్టింది. ఈ సంగతులన్నీ ఆయనే 'నా జీవిత యాత్ర'లో దాచుకోకుండా వ్రాసుకున్నారు. కుర్రతనంలో తన అల్లరి సహవాసాలు, నాటకాల పిచ్చి, ఆడవేషాలు కట్టడం కూడా దాచలేదు. మనమైతే పిల్లలు చదువుతారేమోనని ఆ పేజీలు చింపేసేవాళ్ళం. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే ఉపాధ్యాయులు ఆ కుర్రవాడిలో ఏదో చూసి తనతో రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించకపోతే, ఈ కథ ఒంగోలు వీధుల్లోనే ఆగిపోయేది. నా పుస్తకంలో మొదటి జమ ఆ మాస్టారి పేరు మీదే వ్రాసుకున్నాను.

తరువాత జమలు త్వరత్వరగా పడ్డాయి. ప్లీడరు అయ్యారు. రాజమండ్రిలో ప్రాక్టీసు పెరిగింది. 1904లో ముప్ఫై రెండేళ్ళు నిండీ నిండకుండానే రాజమండ్రి మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. ఆ రోజుల్లో రెండవ తరగతి ప్లీడరుకు హైకోర్టులో వాదించే హక్కు లేదు. అది ఆయనకు గుచ్చుకుంది. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి ఇంగ్లండు వెళ్ళి, బారిష్టరై 1907లో తిరిగి వచ్చి చెన్నపట్నంలో బోర్డు కట్టారు. దొర బారిష్టర్ల మధ్య ఈ ఒంగోలు బారిష్టరు లక్షల్లో సంపాదించారు. 'లా టైమ్స్' అనే న్యాయ పత్రిక కూడా నడిపారు. ఇక్కడ ఒక చిన్న సంగతి. వచ్చిన ఏడాదే బిపిన్ చంద్రపాల్ గారు చెన్నపట్నంలో ఉపన్యాసాలివ్వడానికి వస్తే, ప్రభుత్వానికి జడిసి అధ్యక్షత వహించడానికి పెద్దలు వెనుకాడారు. అప్పుడే బోర్డు కట్టిన ఈయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. క్లయింట్లు పోతారేమో అన్న ఆలోచన లేదు. ఈ స్వభావం గుర్తుంచుకోండి. తరువాత పద్దులన్నింటికీ మూలం ఇదే.

ఇక ఖర్చుల పేజీ.

1921లో గాంధీగారి పిలుపు మీద ప్రాక్టీసు మానేశారు. మానేయడం మానేయడం కాదు. అంతవరకు సంపాదించినదంతా తీసుకువెళ్ళి ఒక పత్రికలో పోశారు. దాని పేరు 'స్వరాజ్య'. ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లీషు దినపత్రికగా మొదలై, తరువాత తెలుగు, తమిళాలలో కూడా వచ్చింది. పత్రిక నడపడం అంటే ఏమిటో మన సంఘం వార్తాలేఖ నడిపే సంపాదకులకు తెలుసు. మనం మూడు నెలలకు ఒకటి వేయడానికే చందాల కోసం ఇంటింటికి తిరుగుతున్నాం. ఆయన రోజూ వేశారు, అదీ ప్రభుత్వాన్ని తిడుతూ. ఇక ప్రకటనలు ఎవరిస్తారు? అక్కడ పనిచేసిన వారికి జీతాలు సమయానికి అందేవి కావు. అయినా ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి గొప్ప పత్రికా రచయితలు ఆ కార్యాలయంలోనే రాటుదేలారు. సుబ్బారావు గారు చాలా ఏళ్ళ తరువాత, 1956లో, తాను పెట్టిన వారపత్రికకు మళ్ళీ ఆ 'స్వరాజ్య' పేరే పెట్టుకున్నారు. జీతం సరిగా ఇవ్వని చోటు పేరు ఎవరైనా పెట్టుకుంటారా? పెట్టుకున్నారంటే అక్కడ జీతం కాకుండా మరేదో దొరికి ఉండాలి.

పత్రికను పదేళ్ళకు పైగా లాగి, చివరకు మూసేశారు. ఇళ్ళూ ఆస్తులూ అందులో కరిగిపోయాయి. మిగిలినదేమైనా ఉంటే సర్కారు చూసుకుంది. 1921లో మలబారులో మోప్లా తిరుగుబాటు జరిగినప్పుడు వద్దన్నా వినకుండా ఆ ప్రాంతానికి వెళ్ళారని ఊటీలోని ఆయన ఆస్తిని జప్తు చేశారు. తరువాత ఉప్పు సత్యాగ్రహం, కేంద్ర శాసనసభకు రాజీనామా, వ్యక్తి సత్యాగ్రహం, క్విట్ ఇండియా. ఆ జైళ్ళ లెక్క మీకందరికీ తెలిసిందే కాబట్టి తారీఖులన్నీ చదవను. చివరిసారి 1942లో లోపలికి వెళ్ళి 1945లో బయటకు వచ్చినప్పుడు ఆయన వయసు డెబ్బై మూడు. చేతిలో దమ్మిడీ లేదు.

ఇప్పుడు నాకు బాగా ఇబ్బంది పెట్టిన పద్దు దగ్గరకు వస్తున్నాను. దీన్ని వదిలేసి మాట్లాడవచ్చు. జయంతి సభల్లో చాలామంది వదిలేస్తారు కూడా. ట్రెజరీ వాడిలా మాట్లాడమన్నారు కాబట్టి వదలను.

ఆస్తి పోయిన తరువాత ఆయన ఎలా బ్రతికారు? ఊళ్ళు తిరిగేవారు. ఎక్కడికి వెళితే అక్కడ ప్రజలు సభ పెట్టి డబ్బుసంచి సమర్పించేవారు. ఆయన తీసుకునేవారు. అందులోంచే తిండి, అందులోంచే ప్రయాణాలు, అందులోంచే అడిగినవాడికి దానం. ఏది పార్టీకి, ఏది ఇంటికి అని విడివిడి ఖాతాలు లేవు. 1946లో ఆయన మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి పదవికి పోటీలో ఉన్నప్పుడు గాంధీగారు అభ్యంతరం పెట్టింది ఈ సంచుల మీదనే. ప్రజలిచ్చిన డబ్బు సొంతానికి వాడుకున్న మనిషి అంత పెద్ద కుర్చీలో కూర్చోరాదని ఆయన ఉద్దేశం. గాంధీగారు, అధిష్ఠానం రాజాజీని కోరారు. ప్రకాశం గారు ఏమీ దాచలేదు. నా సర్వస్వం ప్రజలకిచ్చాను, నా పోషణ ప్రజలు చూసుకుంటున్నారు, ఇందులో రహస్యమేముంది అన్నది ఆయన వాదన. మద్రాసు శాసనసభ్యులు రాజాజీని కాదని ప్రకాశం గారినే ఎన్నుకున్నారు.

ముప్ఫై ఏళ్ళకు పైగా వోచర్లు చూసినవాణ్ణి. ఆ సంచుల బిల్లు నా బల్ల మీదకు వస్తే పాసు చేసేవాణ్ణా? చేయను. గాంధీగారి అబ్జెక్షన్ సరైనదే. ప్రజల డబ్బుకు లెక్క ఉండి తీరాలి, ఎంత పెద్దవాడైనా సరే. ఇప్పటికీ నా మాట అదే. కాని అదే పుస్తకంలో ఎదుటి పేజీ కూడా చూడాలి కదా. ఆయన దేశానికి పోసినప్పుడు రసీదు అడగలేదు. ఆ లక్షలకు ఎక్కడా ఎవరూ చలానా ఇవ్వలేదు. తన డబ్బుకూ దేశపు డబ్బుకూ మధ్య గోడ కట్టుకోవడం ఆయనకు చేతకాలేదు. పోసేటప్పుడు లేని గోడ తీసుకునేటప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? తప్పు కాదని అనడం లేదు. ఆ తప్పు ఏ తీరుదో చెబుతున్నాను. ఇంకొక మాట. స్వాతంత్ర్య సమరయోధులకు కేంద్ర ప్రభుత్వం పింఛను పథకం పెట్టింది 1972లో, స్వాతంత్ర్యం వచ్చిన పాతికేళ్ళకు. అప్పటికి ప్రకాశం గారు పోయి పదిహేనేళ్ళు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి నెలనెలా తీసుకునే మనం, పింఛనంటూ లేని ఆ ముసలాయన సంచి పట్టుకున్నందుకు మరీ గట్టిగా మాట్లాడలేమేమో.

ఇక ఆయన ప్రభుత్వంలో చేసిన పని. అసలు నేను మాట్లాడదలుచుకున్నది ఇదే, కాని పాత పద్దులకే సగం సమయం అయిపోయింది.

1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయినప్పుడు జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించారు. బారిష్టరు బుర్ర అక్కడ పనికొచ్చింది. 1802 నాటి శాశ్వత పరిష్కారం కాగితాలు తిరగేశారు. ఊళ్ళు తిరిగి రైతుల వాఙ్మూలాలు తీసుకున్నారు. భూమికి హక్కుదారు రైతే, జమీందారు శిస్తు వసూలు చేసి పెట్టేవాడు మాత్రమే, 1802లో ఉన్న శిస్తుకు మించి పెంచే హక్కు అతనికి లేదు అని నివేదిక వ్రాశారు. జమీందార్లు మండిపడ్డారు. శాసనసభ ఆ సిఫార్సులను ఆమోదించినా, చట్టం చేసేలోపల యుద్ధం వచ్చి 1939 అక్టోబరులో మంత్రివర్గమే రాజీనామా చేసింది. చివరకు జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. అప్పటికి ప్రకాశం గారు పదవిలో లేరు. విత్తనం ఒకరిది, కోత మరొకరిది. మన ఆఫీసుల్లో కూడా ఒకరు నోటు వ్రాస్తే మరొకరు ఆర్డరు మీద సంతకం పెడతారు.

1946 ఏప్రిల్ 30 నుంచి 1947 మార్చి వరకు, సరిగ్గా పదకొండు నెలలు కూడా నిండకుండా, ఆయన మద్రాసు ప్రధానమంత్రి. పల్లెల అభివృద్ధికి ఫిర్కా పథకం ప్రారంభించారు. రేషను రోజుల్లో దళారులను తప్పించడానికి ఉత్పత్తిదారుల, వినియోగదారుల సహకార సంఘాలు పెట్టించారు. ఖద్దరు బ్రతకాలని కొత్త బట్టల మిల్లులు వద్దన్నారు. ఈ చివరిది నాకు నచ్చలేదు. జనానికి కట్టుకోవడానికి బట్ట దొరకని రోజులవి. మిల్లులు ఆపితే రాట్నం ఆ లోటు తీర్చగలదా? సొంత పార్టీలోనే చాలామంది ఇది ఆచరణకు రాదన్నారు. ఒకసారి మనసులో పడితే ఆయన వినేవారు కాదు.

కాని అంతకన్నా పెద్ద అబ్జెక్షన్ మరొకటి ఉంది. 1947 జనవరిలో ఆయన ప్రభుత్వం ప్రజాభద్రత పేరిట ఒక ఆర్డినెన్సు తెచ్చింది. దాని కింద కమ్యూనిస్టులను, కార్మిక నాయకులను విచారణ లేకుండా జైళ్ళలో పెట్టారు. ఆ పార్టీ వాళ్ళు ఇప్పటికీ దాన్ని ప్రకాశం ఆర్డినెన్సు అనే పిలుస్తారు. విచారణ లేకుండా మూడేళ్ళు జైలులో ఉండి వచ్చి అప్పటికి రెండేళ్ళు కాలేదు. తుపాకికి గుండె చూపించిన మనిషి, కుర్చీలో కూర్చున్న ఎనిమిది నెలలకే అటువంటి కాగితం మీద సంతకం ఎలా పెట్టారు? సమ్మెలు, అల్లర్లు జరుగుతున్నాయి, ప్రభుత్వం నడవాలి కదా అన్నారు. అంతకుముందు తెల్లదొరలు చెప్పిందీ అదే. ఈ పద్దు ఎన్నిసార్లు చూసినా నాకు సరిపడలేదు. సరిపడనట్టే ఉంచాను.

ఆ పదవి నుంచి ఆయనను దించింది ప్రతిపక్షం కాదు. సొంత కాంగ్రెసు సభ్యులే 1947 మార్చిలో దించి, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ గారిని ఎక్కించారు. ఆగస్టు 15 వచ్చేనాటికి ప్రకాశం గారు మామూలు సభ్యుడు.

1951లో కాంగ్రెసు వదిలారు. 1952 ఎన్నికల్లో చెన్నపట్నంలో ఓడిపోయారు. ఓడిన ఆ మనిషినే కాంగ్రెసేతర పక్షాలన్నీ కలిసి తమ ఐక్య సంఘటనకు నాయకునిగా ఎన్నుకున్నాయి. ఆ పక్షాల్లో పెద్దది ఏదనుకున్నారు? అయిదేళ్ళ క్రితం ఆయన ఆర్డినెన్సు కింద జైళ్ళకు వెళ్ళిన కమ్యూనిస్టులదే. రాజకీయం అంటే నాకు అర్థం కాదని మా ఆవిడ అంటుంది, నిజమే. గవర్నరు మాత్రం రాజాజీనే పిలిచారు. అది వేరే కథ.

ఇప్పుడు కర్నూలు. ఇక్కడ నేను కూడా పుస్తకంలోకి వస్తాను, చిన్న పద్దుగా.

పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరులో ప్రాణం ఇచ్చిన తరువాత ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1953 అక్టోబరు 1న కర్నూలులో నెహ్రూగారు ప్రారంభించారు. ఎనభై ఒక్క ఏళ్ళ ప్రకాశం గారు ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు ఉప ముఖ్యమంత్రి. మా నాన్నగారు అప్పుడు మద్రాసు సెక్రటేరియట్‌లో గుమాస్తా. ఆంధ్రకు కేటాయించిన సిబ్బందిలో ఆయన పేరు వచ్చింది. ఫైళ్ళ పెట్టెలతో పాటు మేమూ రైలెక్కాం. నాకు ఏడేళ్ళు. చెన్నపట్నంలో కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చే వాటా వదిలి కర్నూలులో దిగితే, మాకు చూపించింది ఇల్లు కాదు, గుడారం. ఆఫీసులు కొన్ని గుడారాల్లో, ఉద్యోగులు గుడారాల్లో. గాలి వేస్తే మేకులు లేచిపోయేవి. వంట చేస్తుంటే అన్నంలో ఇసుక. మా అమ్మ ఎవరిని తిట్టాలో తెలియక గాలిని తిట్టేది. మాకు, పిల్లలకు మాత్రం అది తిరునాళ్ళలాగే ఉండేది. అక్టోబరు ఒకటిన నాన్నగారి భుజం మీద ఎక్కి చూశాను. ప్రకాశం గారిని చూశానని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే నేను చూసింది జనం వీపులు.

నాన్నగారు ఒక మాట అనేవారు. చెన్నపట్నంలో రాష్ట్రం అంటే కోట, రాతిగోడలు. ఇక్కడ రాష్ట్రం అంటే గుడ్డ. ఆ గుడ్డ కింద కూర్చుని వాళ్ళు ఒక ప్రభుత్వాన్ని మొదటి ఫైలు నుంచి కుట్టుకుంటూ వచ్చారు. జీతాల బిల్లుల నమూనాలు కూడా మద్రాసువి కొట్టేసి, పైన ఆంధ్ర అని చేత్తో వ్రాసుకున్నారట. (2016లో హైదరాబాదు నుంచి వెలగపూడికి కదిలిన మన తమ్ముళ్ళు కష్టాలు చెబితే నేను వింటాను గాని, లోపల నవ్వుకుంటాను. వాళ్ళకు కనీసం ఏసీ ఉంది.)

ఆ ప్రభుత్వం పదమూడు నెలలు నడిచింది. ఆ పదమూడు నెలల్లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 సెప్టెంబరులో పుట్టింది. రాయలసీమ పిల్లలు చదువు కోసం వాల్తేరు దాకా వెళ్ళనక్కరలేకపోయింది. నేను డిగ్రీ పట్టా పుచ్చుకున్నది కూడా అక్కడిదే. గుంటూరులో హైకోర్టు వచ్చింది. విజయవాడలో 1855 నాటికి కట్టిన పాత ఆనకట్ట 1952 వరదలో ఒకచోట తెగింది. డెల్టా రైతు గుండె జారిపోయింది. దాని స్థానంలో కొత్త బ్యారేజీకి 1954లో శంకుస్థాపన జరిగింది. గుడారాల్లో కూర్చున్న ప్రభుత్వం, ఖజానాలో సరిగ్గా డబ్బు లేని ప్రభుత్వం చేసిన పనులివి. నిధులు తరువాత చూద్దాం, ముందు మొదలుపెట్టండి అన్నది ఆయన పద్ధతి. ట్రెజరీ వాళ్ళకు ఇది గుండెపోటు తెచ్చే పద్ధతి. కాని ఆ కొత్త రాష్ట్రంలో నిధులు వచ్చాకే మొదలుపెడదాం అనుకునే మనిషి కూర్చుని ఉంటే, ఇంకా ఎన్నేళ్ళు పట్టేదో నేను చెప్పలేను. 'స్వరాజ్య'ను ముంచిన స్వభావమే బ్యారేజీని లేపింది. మనిషి ఒకడే.

మద్యనిషేధం ఎత్తివేయవచ్చునని ప్రభుత్వం వేసిన రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రకాశం గారు ఒప్పుకోలేదు. కల్లుగీత కార్మికుల బ్రతుకుతెరువు ప్రశ్న పెద్దదైంది. అది కూడా తేలికగా తీసిపారేయవలసిన ప్రశ్న కాదు, ఆ కుటుంబాల ఆకలి నిజం. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం వచ్చింది. రెండేళ్ళ క్రితం ఆయనను నాయకునిగా ఎన్నుకున్న కమ్యూనిస్టులు ఈసారి ఆయనకు వ్యతిరేకంగా ఓటు వేశారు. ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. మళ్ళీ దిగారు. మా నాన్నగారు ఆ సాయంత్రం గుడారానికి వచ్చి, "ఒక్కటే ఓటు" అని ఒక వేలు చూపించి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు. ఆ వేలు నాకు ఇప్పటికీ గుర్తు. తరువాత రాష్ట్రపతి పాలన, 1955 ఎన్నికలు, బెజవాడ గోపాలరెడ్డి గారి ప్రభుత్వం. 1956లో హైదరాబాదు. మా అమ్మ ఆ గుడారం మేకు ఒకటి తెచ్చి వంటింట్లో కొబ్బరికాయలు ఒలవడానికి చాలా ఏళ్ళు వాడింది.

రెండు పదవీకాలాలూ కలిపితే రెండేళ్ళే. మన సర్వీసు లెక్కలో అయితే పింఛనుకు అర్హత కూడా రాదు.

దిగిన తరువాత కూడా ఆయన ఇంట్లో కూర్చోలేదు. అసలు కూర్చోవడానికి ఇల్లేది? 1957 ఎండాకాలంలో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడలు తిరుగుతూ వడదెబ్బ తిన్నారు. ఆ ఎండ ఎటువంటిదో ఆ జిల్లా వాళ్ళకు చెప్పనక్కరలేదు. హైదరాబాదు తెచ్చి ఉస్మానియా ఆసుపత్రిలో చేర్చారు. మే 20న కన్నుమూశారు. 'నా జీవిత యాత్ర' నాలుగవ భాగం ఆయన వ్రాయలేకపోయారు. వెంట నడిచిన తెన్నేటి విశ్వనాథం గారు పూర్తి చేశారు.

ఆ ఏడాది డిసెంబరులో బ్యారేజీ తెరిచారు. దానికి ఆయన పేరు పెట్టారు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే 1972లో దానికీ ఆయన పేరే వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణకు పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు మీరూ టీవీ ముందు కూర్చునే ఉంటారు. పడవలు కొట్టుకువచ్చి గేట్లకు తగిలాయి. మా మనవడు, "తాతా, ఇది తెగుతుందా?" అని అడిగాడు. తెగదురా అన్నాను. "నీకెలా తెలుసు?" అన్నాడు. నాకేం తెలుసు, ఇంజనీర్లకు తెలియాలి. కాని ఆ రాత్రి పన్నెండు గంటల దాకా నిద్రపోకుండా చూశాను. ఇద్దరం చూశాం.

అధ్యక్షులు గారు గడియారం వైపు చూడడం ఇది రెండోసారి. కాఫీలు చల్లారుతున్నాయని వెనుక నుంచి సైగ కూడా వచ్చింది.  కర్నూలు గుడారాల్లో ఉన్నవాళ్ళు, లేదా వాళ్ళ పిల్లలు ఈ హాల్లో ఎవరైనా ఉంటే కాఫీ దగ్గర నన్ను కలవండి. మా అమ్మ మేకు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.